ఇంగ్లీషు మాటలు నేర్పడానికి స్టోరీవీవర్: ప్రాథమిక పాఠశాల నుంచి ఒక సమీక్ష

ప్రాథమిక తరగతుల పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పడానికి ఏ యాప్ బాగుంటుంది, ఏ వీడియోలు చూపిస్తే మంచిది అని తోటి ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ తరచుగా అడుగుతుంటారు. నేను తరగతి గదిలో క్రమం తప్పకుండా వాడుతున్నదీ, అడిగినవారికి నిస్సంకోచంగా చెప్పగలిగినదీ ప్రథమ్ బుక్స్ సంస్థ నడుపుతున్న స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ కథల వేదిక. ఆ వేదికలో చూడదగినవి చాలా ఉన్నాయి గాని, ఈ సమీక్షను ఒక్క విషయానికే పరిమితం చేస్తున్నాను. ఇంట్లో ఇంగ్లీషు వినపడని, మూడు నుంచి ఐదు తరగతులు చదివే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు పదజాలాన్ని అలవరచడానికి అది ఎంతవరకు ఉపకరిస్తుంది, ఏ చోట దాని పని ముగిసి ఉపాధ్యాయుడి పని మొదలవుతుంది అన్నదే ఆ విషయం.

తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. ప్రథమ్ బుక్స్ 2004లో మొదలైన, లాభాపేక్ష లేని పిల్లల పుస్తకాల సంస్థ. దాని కేంద్రం బెంగళూరు. 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు, స్టోరీవీవర్‌ను ప్రారంభించి తన కథలను బొమ్మలతో సహా అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఇప్పుడు అందులో తెలుగుతో సహా మూడు వందలకు పైగా భాషల్లో కథలు ఉన్నాయి. కథలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నవే కాబట్టి, రాసినవారి పేరూ బొమ్మలు వేసినవారి పేరూ చెబితే చాలు, ఎవరైనా వాటిని డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చి రాసుకోవచ్చు. చందా కట్టనక్కరలేదు. ఈ లైసెన్సు సంగతి న్యాయవాదులకు సంబంధించిన వివరంలా కనిపిస్తుంది గాని, తరగతి గదిలో దాని ప్రయోజనం చాలా పెద్దది. అది ఎలాగో తరువాత చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020–21 నుంచి ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ తరువాత ప్రాథమిక తరగతుల పిల్లల సంచుల్లోకి బొమ్మల నిఘంటువులు కూడా చేరాయి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. అక్కడా ద్విభాషా పుస్తకాలే. అంటే ఈనాడు మన పిల్లవాడికి ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే కాదు. లెక్కల్లోని ప్రశ్నా, పరిసరాల విజ్ఞానంలోని పాఠమూ అర్థం కావాలన్నా ఇంగ్లీషు మాటలు తెలిసి ఉండాలి. బొమ్మల నిఘంటువు ఈ విషయంలో మంచి సాధనమే. అయితే బొమ్మ కింద ఉన్న పేరును ఎలా పలకాలో అది చెప్పలేదు. చెప్పేవారు దగ్గర లేని పిల్లవాడు అక్షరాలను చూసి తనకు తోచినట్టు పలుకుతాడు; ‘నైఫ్’ను ‘క్నైఫ్’ అనీ, ‘ఐలండ్’ను ‘ఇస్లాండ్’ అనీ చదివిన పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పైగా నిఘంటువులో ఉన్న మాట ఒంటరిగా ఉంటుంది. దాని పక్కన ఏ మాట వస్తుందో, వాక్యంలో అది ఏ చోట నిలుస్తుందో పిల్లవాడికి తెలియదు. శబ్దాన్నీ, అక్షరాన్నీ, బొమ్మనూ, వాక్యాన్నీ ఒకే క్షణంలో పిల్లవాడి ముందు పెట్టగలిగే సాధనం కావాలి.

స్టోరీవీవర్‌లోని ‘రీడ్ అలాంగ్’ కథలు చేసే పని సరిగ్గా అదే. తెరమీద కథలోని ఒక పేజీ బొమ్మతో నిలిచి ఉంటుంది. ఒక గొంతు దానిని చదువుతుంది. ఆ గొంతు ఏ మాటను పలుకుతున్నదో ఆ మాట అప్పటికప్పుడు తెరమీద వేరుగా కనిపిస్తుంది. ఈ పద్ధతికి మన దేశంలో మంచి చరిత్రే ఉంది. విన్న భాషలోనే తెరమీద అక్షరాలు నడిపిస్తే, ప్రయత్నం చేయకుండానే ప్రజలకు చదవడం అలవడుతుందని 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి ఆలోచన చేశారు. ఆ తరువాత దూరదర్శన్ సినిమా పాటల కార్యక్రమాలలో దానిని అమలు చేసి చూపించారు. పెద్దవారి అక్షరాస్యత కోసం పుట్టిన ఆ ఉపాయం చిన్న పిల్లల ఇంగ్లీషు పదజాలానికి ఇంత చక్కగా అమరడానికి కారణం, ఇంగ్లీషులో రాతకూ పలుకుకూ మధ్య ఉన్న దూరమే. తెలుగులో రాసినట్టే పలకడానికి అలవాటు పడిన పిల్లవాడికి ఆ దూరం మొదట అయోమయంగానే ఉంటుంది. పలికే మాట మీదికి చూపు తనంతట తానే వెళ్లేలా చేసినప్పుడు, సూత్రాలు చెప్పకుండానే ఆ దూరం కొంత తగ్గుతుంది.

దృశ్య శ్రవణ బోధన గురించి చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మాటలతో పాటు బొమ్మ ఉంటే నేర్చుకోవడం మెరుగవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ చాలా ప్రయోగాలతో నిరూపించారు. మాట ఒక దారిలో, బొమ్మ మరొక దారిలో మనసులోకి చేరి ఒకదానికొకటి ఊతమవుతాయని అంతకుముందే మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఆలన్ పైవియో సిద్ధాంతం చెప్పింది. అయితే బొమ్మను చూస్తూ వివరణ వింటున్నవారికి ఆ వివరణనే మళ్లీ తెరమీద అక్షరాలలో చూపిస్తే భారం పెరుగుతుందని కూడా మేయర్ చెప్పారు. అలాంటప్పుడు రీడ్ అలాంగ్ కథలు ఆ సూత్రాన్ని మీరడం లేదా? లేదనే నా అభిప్రాయం. తన భాషలో సైన్సు పాఠం వింటున్న విద్యార్థికి అక్షరాలు అదనపు భారమే. రెండో భాష నేర్చుకుంటున్న పిల్లవాడికి మాత్రం ఆ అక్షరాలే పాఠం. వినేవారికి అది పరాయి భాష అయినప్పుడు ఆ సూత్రం అంత గట్టిగా వర్తించదని ఆ రంగంలోని వారూ ఒప్పుకుంటారు.

తరగతిలో నేను దానిని వాడే తీరు ఇది. కథను మొదటిసారి చూపించేటప్పుడు శబ్దం పూర్తిగా తీసివేసి, టీవీ కింది భాగానికి ఒక చార్టు ముక్కను టేపుతో అంటించి, అక్షరాలు కనపడకుండా చేస్తాను. పిల్లలు బొమ్మలు చూసి కథను తెలుగులో చెబుతారు. వారి ఊహలు కొన్ని అసలు కథకు దూరంగా ఉంటాయి, అయినా ఆపను. ఎందుకంటే, బొమ్మలో ఏమి జరుగుతున్నదో తెలుగులో స్పష్టంగా తెలిసిన పిల్లవాడికి, తరువాత వినబోయే ఇంగ్లీషు మాట ఎక్కడ తగులుకోవాలో ఒక చోటు ముందే సిద్ధమై ఉంటుంది. రెండోసారి శబ్దం పెడతాను, చార్టు ముక్క మాత్రం తీయను. మూడోసారి చార్టు తీసి, పేజీ పేజీకీ ఆపుతూ, కొత్త మాటలను నల్లబల్ల మీద రాస్తాను. ఒక్క కథకు కొత్త మాటలు ఆరేడుకు మించనివ్వను. కథ అంతటినీ ఏకబిగిన నడిపించి, చివర ప్రశ్నలు అడిగే పద్ధతి ఈ వయసు పిల్లలకు ఏ విధంగానూ మేలు చేయదు. తెరను ఆపే మీట ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నంతసేపే అది పాఠం, లేకపోతే అది టీవీ.

వస్తువుల పేర్లు నేర్పడానికి ఇంత శ్రమ అవసరం లేదన్న సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలకు బడిలోకి అడుగు పెట్టేనాటికే ఎన్నో ఇంగ్లీషు పేర్లు నోటికి వచ్చి ఉంటాయి. బస్సు, బల్బు, బకెట్టు, ఫ్యాను, స్విచ్చి, టవలు, గ్లాసు, ప్లేటు, బ్యాగు, లైటు, ఆటో, టికెట్టు అంటూ ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగులోనే అవి కలిసి ఉన్నాయి. ఈ సంపదను చాలామంది లెక్కలోకి తీసుకోరు. రీడ్ అలాంగ్ కథలో అలాంటి మాట ఒకటి వినపడి, అదే క్షణంలో దాని అక్షరాలు కనిపించినప్పుడు, పిల్లవాడు తనకు తెలిసిన మాటను మొదటిసారి రాతలో గుర్తుపడతాడు. చివర అచ్చు చేర్చి పలికే అలవాటు కూడా వింటూ వింటూ కొంత సర్దుకుంటుంది. దాన్ని పెద్ద తప్పుగా పట్టుకుని సరిదిద్దవలసిన పని లేదు. అందుచేత కథను ఎంచుకునేటప్పుడు, పిల్లలకు ముందే తెలిసిన ఇలాంటి మాటలు అందులో ఎన్ని ఉన్నాయో చూసుకోవడం నా మొదటి పరీక్ష.

అసలు కష్టం క్రియలతోనూ, చోటును చెప్పే చిన్న మాటలతోనూ వస్తుంది. స్టోరీవీవర్ విలువ నాకు పూర్తిగా తెలిసినదీ అక్కడే. ‘పుల్’, ‘పుష్’, ‘పోర్’, ‘స్పిల్’ వంటి పనులను ఫ్లాష్ కార్డు మీద ఒక్క బొమ్మతో చూపించడం కష్టం. తాడు పట్టుకున్న మనిషి బొమ్మను చూసి పిల్లవాడు ‘రోప్’ అనుకుంటాడు, ‘పుల్’ అనుకోడు. కథలో అయితే ముందు పేజీలో తాడు, ఈ పేజీలో లాగడం, తరువాతి పేజీలో లాగినందువల్ల జరిగిన సంగతి వరుసగా ఉంటాయి కాబట్టి, ఆ మాట పనికి చెందినదని తెలుస్తుంది. చోటు చెప్పే మాటల సంగతి ఇంకా చిక్కు. తెలుగులో ‘బల్ల కింద’, ‘తలుపు వెనుక’ అని వస్తువు ముందు వస్తుంది, చోటు తరువాత వస్తుంది. ఇంగ్లీషులో ఆ వరుస తిరగబడుతుంది. మాటల అర్థాలు విడివిడిగా కంఠస్థం చేసిన పిల్లలు ‘టేబుల్ అండర్’, ‘డోర్ బిహైండ్’ అనడం ప్రతి ఉపాధ్యాయుడూ విన్నదే. వారికి మాట తెలుసు, దాని స్థానం తెలియదు.

దీని కోసం వేదికలోని బొమ్మల నిధిని వాడుకుని, ఒక పిల్లి బడిలో దాక్కునే చిన్న కథను నేనే అల్లుకున్నాను. ఒక్కో పేజీలో ఒక్క వాక్యం. వాక్యమంతా అదే, చోటు చెప్పే మాట మాత్రమే మారుతుంది. పిల్లలు చూసి, విని, నాతో పాటు చదివిన తరువాత, కథను తెరమీదే వదిలేసి బెంచీల దగ్గరికి పంపాను. ‘బిహైండ్ ద బెంచ్’ అనగానే మూడో తరగతి అమ్మాయి ఒకతె బెంచీ ముందు నిలబడి, తెరను ఒకసారి చూసి, పిల్లి తోక ఎటువైపు ఉందో గమనించి, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆ కొద్ది క్షణాలలో ఆ అమ్మాయి ఎవరి అనువాదమూ అడగలేదు. మాటకూ తాను నిలబడవలసిన చోటుకూ ఉన్న సంబంధాన్ని బొమ్మ సాయంతో తానే తేల్చుకుంది. విన్న ఆజ్ఞను శరీరంతో చేసి చూపించడం ద్వారా భాష నేర్చుకునే పద్ధతిని మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలోనే ప్రతిపాదించారు. తెరమీది కథనూ ఆ పద్ధతినీ జత చేస్తే కలిగే ఫలితం, రెండింటిలో ఏ ఒక్కదానితోనూ రాదు.

లైసెన్సు ప్రయోజనం గురించి ఇక్కడే చెప్పాలి. ఆ కథ అల్లుకోవడానికి నాకు బొమ్మలు వేయడం రానక్కరలేదు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, డబ్బు పెట్టనక్కరలేదు. ఇంతకంటే ముఖ్యమైనది ‘రీలెవెల్’ అనే సౌకర్యం. ఉన్న కథను, ఉన్న బొమ్మలతోనే, తేలికైన మాటల్లో మళ్లీ రాసి వేరే స్థాయి కథగా ప్రచురించవచ్చు. అసలు రచయిత పేరు, చిత్రకారుడి పేరు దానితో పాటే వస్తాయి. ఉపాధ్యాయుడిని వాడకందారుగా మాత్రమే చూడకుండా, పాఠ్యసామగ్రి తయారు చేయగలవాడిగా గౌరవించే సాధనాలు చాలా తక్కువ. చందా కట్టించుకునే యాప్‌లు ఎన్ని రంగులు చూపించినా, వాటిలో ఒక్క వాక్యాన్ని కూడా మా తరగతికి తగినట్టు మార్చుకునే వీలు ఉండదు.

ఈ సౌకర్యం మనకు ఎందుకు తప్పనిసరో తెలియాలంటే స్థాయిల విషయం చూడాలి. స్టోరీవీవర్ కథలను నాలుగు స్థాయిలుగా విభజించింది. మొదటి స్థాయిలో 250 మాటల లోపు, తేలికైనవీ మళ్లీ మళ్లీ వచ్చేవీ అయిన మాటలతో కథలు ఉంటాయి. రెండో స్థాయి 600 మాటల వరకు, మూడోది 1500 వరకు, ఆపైనవి నాలుగోది. తాను మాట్లాడే భాషలో చదవడం మొదలుపెట్టిన పిల్లవాడిని దృష్టిలో పెట్టుకుంటే ఈ విభజన సమంజసంగానే ఉంది. తెలుగు పిల్లవాడు తెలుగు కథను చదివేటప్పుడు ఐదో తరగతికి మూడో స్థాయి అందుకోగలడు. అదే పిల్లవాడికి ఇంగ్లీషులో మొదటి స్థాయి కథ కూడా ఒక్కోసారి బరువే అవుతుంది. మాటల సంఖ్య తక్కువగా ఉన్నంత మాత్రాన కథ తేలిక కాదు. ధ్వన్యనుకరణలూ, ఆటపాటల మాటలూ, జరిగిపోయిన కాలపు క్రియారూపాలూ చిన్న కథలోనే కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి ఇంగ్లీషు కథను ఎంచుకునేటప్పుడు తరగతి కన్నా కనీసం రెండు స్థాయిలు దిగి చూడండి, మొదటి స్థాయిలో కూడా ఒక్కో పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవి మాత్రమే తీసుకోండి అని నా సలహా. ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరికే చోట, ముందు రోజు తెలుగులో చదివించి మరునాడు ఇంగ్లీషు వినిపించడం అన్నిటికంటే మంచి దారి. కథ ముందే తెలిసి ఉంటుంది గనుక పిల్లవాడి శ్రద్ధ అంతా మాటల మీదే నిలుస్తుంది.

చదివే గొంతుల విషయంలో నాకు తృప్తి ఉంది. ఇంగ్లీషు కథలు మన దేశపు ఉచ్చారణలోనే వినిపిస్తాయి; పిల్లలకు పరాయితనం తోచదు. వేగం మాత్రం మా పిల్లలకు కొంచెం ఎక్కువ. ఇంగ్లీషు తెలిసిన ఇంటి పిల్లలకు సహజంగా అనిపించే వేగమే అది. కొత్తగా వింటున్నవారికి మాటకూ మాటకూ మధ్య గీత కనపడదు. వీడియో రూపంలో ఉన్న కథలను యూట్యూబ్‌లో చూపిస్తే వేగాన్ని ముప్పావు వంతుకు తగ్గించుకునే వీలు ఉంది, మొదటి వినికిడికి అది సరిపోతుంది.

ఇక పరిమితులలో ముఖ్యమైనది: రీడ్ అలాంగ్ వినిపిస్తుంది, వినదు. పిల్లవాడు మాటను సరిగా పలికాడో లేదో, అసలు పలికాడో లేదో దానికి తెలియదు. అర్థం తెలిసిందో లేదో కూడా అది అడగదు. మా తరగతిలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉంది. రెండు మూడు సార్లు విన్న తరువాత పిల్లలు కథ మొత్తాన్ని ఆ గొంతుతో పాటు ఏకకంఠంగా, ఉత్సాహంగా అప్పజెబుతారు. చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. ఆ వాక్యంలోని ఒక మాటను విడిగా కాగితం మీద రాసి చూపిస్తే మాత్రం సగం మంది తడబడతారు. కొందరు వాక్యాన్ని మొదటినుంచి మనసులో చెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగుతారు. పాటలా వచ్చిన వాక్యానికీ, తెలిసిన మాటకూ ఉన్న తేడా అది. దీనికి నేను పాటిస్తున్న ఉపాయం చాలా పాతదే. కథలోని వాక్యాలను కాగితపు పట్టీల మీద రాసి, మాటలుగా కత్తిరించి, కలిపేసి, జట్లకు ఇస్తాను. వాక్యాన్ని మళ్లీ పేర్చి బొమ్మ కింద పెట్టాలి. తెరమీద నేర్చినదానికి చేతిలో పని కల్పించినప్పుడే మాట విడిగా నిలబడుతుంది.

చదవడం వేరు, అర్థం తెలియడం వేరు అన్న సంగతి కొత్తది కాదు. పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వేలో ఇంగ్లీషు వాక్యం చదివిన పిల్లవాడిని దాని అర్థం చెప్పమని వేరుగా అడుగుతారు. అదే సర్వే 2022లో దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లలలో తేలికైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవారు 24.5 శాతమని చెప్పింది. 2016లో ఆ సంఖ్య 24.7 శాతం. ఆరేళ్లలో చేతుల్లోకి ఫోన్లూ, గోడల మీదికి తెరలూ వచ్చినా అంకె కదలలేదు. సాధనం వచ్చినంత మాత్రాన చదువు రాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కరలేదు. అందుకే ఏ మల్టీమీడియా సాధనాన్ని సమీక్షించినా, అది పిల్లవాడిని ఎంత ఆకట్టుకుంది అనే దానికన్నా, తెర ఆపేసిన వారం తరువాత ఆ మాట వాడి నోట ఎంత సహజంగా వచ్చింది అనేదే చూడాలని నేను నమ్ముతాను. మా బడిలో వారం గడిచాక అక్షరాలు లేని బొమ్మ పేజీని చూపించి, ఒక్కొక్కరినీ ఒక వాక్యం చెప్పమంటాను. ప్రశ్నపత్రం అవసరం లేదు.

మిగిలిన సాధనాలతో పోల్చి చూస్తే స్టోరీవీవర్ స్థానం ఇంకా స్పష్టమవుతుంది. బుక్‌బాక్స్ అనే సంస్థ 2004 నుంచి బొమ్మలు కదిలే కథలను, చదివే మాటకు తోడుగా కింద అక్షరాలు నడిచేలా, అనేక భాషల్లో తయారు చేస్తున్నది. వాటిలో తెలుగూ ఉంది, నాణ్యతా ఉంది. కథను ప్రేమించేలా చేయడంలో అవి ముందుంటాయి. పదజాలం నేర్పే పనికి మాత్రం నేను నిలకడ బొమ్మనే ఇష్టపడతాను. బొమ్మ కదులుతున్నంతసేపు పిల్లవాడి కన్ను దాని వెంటే పోతుంది, కింద రంగు మారే అక్షరాన్ని చూడదు. కదలని బొమ్మను రెండు క్షణాల్లో చూడడం అయిపోతుంది కాబట్టి చూపు తప్పనిసరిగా అక్షరాల మీదికి దిగుతుంది. ఖాన్ అకాడమీ కిడ్స్ కూడా ఉచితమే, ప్రకటనలు లేనిదే. రెండు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం రూపొందించినది. పిల్లవాడు ఒంటరిగా ఫోన్‌లో ఆడుకుంటూ నేర్చుకోవడానికి చాలా శ్రద్ధగా తయారు చేశారు. అయితే అందులో వినపడేది అమెరికా ఉచ్చారణ, కనపడేది ఎక్కువగా అక్కడి పరిసరాలు. పైగా అది ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పరికరం ఉన్న చోటికి తగినది. సాయంత్రం తండ్రి ఫోన్ కాసేపు దొరికే ఇంటికి దానిని సూచిస్తాను, తరగతికి కాదు. పాఠ్యపుస్తకాల మీది క్యూఆర్ కోడ్ ద్వారా తెరుచుకునే, దీక్ష అనే ప్రభుత్వ వేదికలోని పాఠాలు సిలబస్‌కు నేరుగా సంబంధించినవి గనుక పాఠం పునశ్చరణకు పనికొస్తాయి, మాటల మీద ఇష్టం కలిగించే పనిని మాత్రం కథలకే వదిలేయాలి.

ఆచరణలో వచ్చే ఇబ్బందుల గురించి కొంత చెప్పకపోతే ఈ సమీక్ష పల్లె బడులకు ఉపయోగపడదు. రీడ్ అలాంగ్ కథలకు నెట్ ఉండాలి. మాకు నెట్ అంటే ఉపాధ్యాయుడి ఫోన్ హాట్‌స్పాట్. వర్షం పడిన రోజున అది కూడా నమ్మదగినది కాదు. కథలను పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసుకునే సౌకర్యం ఉంది గనుక, ఇంట్లో దించుకుని, పేజీలను విడి ఫొటోలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే దాదాపు ఏ టీవీలోనైనా తెరుచుకుంటాయి. చాలా టీవీలు పీడీఎఫ్‌ను నేరుగా తెరవవు కాబట్టి ఈ మార్పు తప్పదు. అప్పుడు చదివే గొంతు మనదే అవుతుంది, వేలితో మాటను చూపించే పని కర్రముక్క చేస్తుంది. నిజానికి, ఉపాధ్యాయుడు ముందుగా విని, సాధన చేసి, తన గొంతుతో చదివితే పిల్లలు మరింత శ్రద్ధగా వింటారు. రికార్డు చేసిన గొంతు వారి ముఖాలు చూసి ఆగలేదు, మనం ఆగగలం. ఉచ్చారణ మీద నమ్మకం లేని ఉపాధ్యాయులకు రీడ్ అలాంగ్ తమ తయారీకి కూడా మంచి తోడు. ఈ మాట చెప్పుకోవడానికి మనలో ఎవరూ సంకోచించనక్కరలేదు. మనలో చాలామంది తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారమే. శబ్దం కోసం టీవీలోని స్పీకర్‌ను నమ్ముకోకండి. ఫ్యాన్లు తిరుగుతున్న గదిలో వెనుక బెంచీకి ‘స్పిల్’, ‘స్పెల్’ ఒకేలా వినపడతాయి. ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను గది మధ్యలో పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చునే బడులలో ఇది ఎంత అనుకూలమో కూడా గమనించాను. ఒకే కథను మూడో తరగతి బొమ్మల కోసం, నాలుగో తరగతి మాటల కోసం, ఐదో తరగతి వాక్యాల కోసం చూస్తారు. వర్క్‌షీట్లు మాత్రం వేరు వేరు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇంత పని చేసి పెట్టే సాధనం మరొకటి నాకు కనపడలేదు.

ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకునే పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక వరుస కథలు ఆ వేదికలో ఉంటే బాగుండునని నా కోరిక. వంద మాటల లోపు, వర్తమాన కాలంలో, ఒకే వాక్య నిర్మాణం మళ్లీ మళ్లీ వచ్చేలా, రీడ్ అలాంగ్ గొంతుతో సహా. ప్రతి కథ చివర కొత్త మాటల పట్టిక ఒకటి ఉన్నా ఉపాధ్యాయుడికి పని సగం తగ్గుతుంది. అవి వచ్చేలోగా రీలెవెల్ సౌకర్యం మన చేతిలోనే ఉంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ఒక్కొక్క బడి ఒక్కొక్క కథను తీసుకుని తమ పిల్లల మాటలకు తగినట్టు తిరగరాసి ప్రచురిస్తే, ఒక మండలానికి ఏడాదిలో సరిపడినన్ని తేలిక ఇంగ్లీషు కథలు తయారవుతాయి. మొదట ఎంచుకోవలసినవి చోటు చెప్పే మాటలూ, చేతులతో చేసి చూపగలిగిన క్రియలూ ఉన్న కథలు. నీతికథలను తరువాత చూసుకోవచ్చు.